కాన్వెంటు గేటు లోపల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉండే తెలుగు ఇళ్లలో పిల్లను బడిలో వేసే వయసు రాగానే ముందు వచ్చే మాట "కాన్వెంట్లో సీటు దొరుకుతుందా" అనే. ఆ ఇల్లు క్రైస్తవులదే కానక్కర్లేదు, సిస్టర్లు నడిపే బళ్లలో చాలా చోట్ల చదివేది ఎక్కువగా హిందువుల పిల్లలే. పేపరు మిల్లు ఉద్యోగులు, రైల్వేవాళ్లు, బజార్లో కిరాణా కొట్టో బట్టల కొట్టో పెట్టుకుని రెండు తరాల కింద వచ్చి స్థిరపడ్డవాళ్లు, అందరి లెక్కా ఒకటే: ఇంగ్లీషు వస్తుంది, క్రమశిక్షణ ఉంటుంది, సిస్టర్లు ఉన్నారు కాబట్టి ఆడపిల్లకు భయం లేదు. మొదటి రెండింటి గురించి అడ్మిషన్ రోజునే పది ప్రశ్నలు అడుగుతారు. మూడోదాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. రోడ్డు సరిగ్గా లేని రోజుల్లో కొండల మీద బడీ ఆసుపత్రీ నడిపి సంపాదించుకున్న పేరది. కానీ పేరును చూసుకుని ఊరుకుంటే పిల్లకు రక్షణ రాదు. దానికి వేరే ఏర్పాటు ఉండాలి, అది కాగితం మీద రాసి ఉండాలి, ఆయమ్మ దగ్గర్నుంచి ఫాదర్ దాకా అందరికీ ఒకేలా వర్తించాలి. నమ్మకం ఎక్కువున్న చోటే ఆ ఏర్పాటు ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో ఒక అధ్యయనం బయటపెట్టింది. అందులో ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లలు 53 శాతం పైనే. చేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, లేదా పెద్దరికం చేతిలో ఉన్నవాళ్లు. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ పిల్లలకు నేర్పేది "తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోకు" అనే.

చట్టం ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన, 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా, జరగొచ్చని అనుమానం ఉన్నవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. రుజువు చేతిలో ఉండాలని లేదు, అనుమానం చాలు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. మంచి మనసుతో చెప్పిన మాట తర్వాత నిలబడకపోయినా చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా అదే 19వ సెక్షన్లో రాసి ఉంది. విద్యాసంస్థలో గానీ మత సంస్థలో గానీ ఉద్యోగి లేదా మేనేజ్‌మెంట్ మనిషి అక్కడి పిల్ల మీద అత్యాచారం చేస్తే దాన్ని చట్టం మరింత తీవ్రమైన నేరంగా లెక్కేస్తుంది, 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్లు. మతం నడిపే బడికి ఈ రెండు మాటలూ ఒకేసారి వర్తిస్తాయి.

అయితే చాలా సంస్థల్లో జరిగేది వేరు. టీచరుకు తెలిస్తే హెడ్‌మిస్ట్రెస్‌కి చెబుతుంది, ఆమె కరస్పాండెంట్‌కి, ఆయన బిషప్ గారి ఆఫీసుకో, మఠ సంఘానికి పెద్ద అయిన ప్రొవిన్షియల్‌కో. మాట పైకి వెళుతూనే ఉంటుంది గానీ గేటు దాటదు. "ముందు మనం విచారిద్దాం, నిజమైతే చూద్దాం" అంటారు. ఆ విచారణ చేయడానికి బడికి అధికారం లేదు, అనుభవమూ లేదు. పిల్లను నలుగురు కూర్చోబెట్టి నాలుగుసార్లు అడిగితే ఆ బిడ్డ భయపడి మాట మారుస్తుంది, తర్వాత కోర్టులో ఆ మారిన మాటే ఆమెకు ఎదురు తిరుగుతుంది. మాటను లోపలే తిప్పమని కథోలిక సభ (చర్చి) సొంత చట్టం కూడా చెప్పడం లేదు. పోప్ ఫ్రాన్సిస్ 2019 మేలో తెచ్చి, 2023లో శాశ్వతం చేసిన నియమాల ప్రకారం గురువులు (ఫాదర్లు), మఠవాసులు ఇలాంటివి తెలిస్తే సభ అధికారులకు చెప్పి తీరాలి, ఫిర్యాదు చేసినవాళ్లను నోరు మూసుకోమనడానికి వీల్లేదు, దేశ చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత వీటివల్ల ఏమాత్రం తగ్గదు. 2019 డిసెంబరులో ఇలాంటి కేసుల వివరాలు బయటపెట్టకుండా ఉన్న "పోప్ రహస్యం" అనే అడ్డు కూడా తీసేశారు. కాబట్టి "మా సభలో పద్ధతి వేరు" అని ఎవరైనా అంటే ఆ పద్ధతి ఏ కాగితంలో ఉందో చూపించమని అడగొచ్చు.

ఈ ప్రాంతంలో మాట గేటు దాటకపోవడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాలకు ఆనుకునే కంధమాల్ ఉంది. 2008 ఆగస్టు తర్వాత అక్కడ క్రైస్తవుల మీద జరిగిన హింస ఈ చుట్టుపక్కల సంస్థలకు బాగా గుర్తుంది. బడి మీద చిన్న ఫిర్యాదు వచ్చినా అది మతం గొడవగా మారి గుంపు గేటు ముందుకొస్తుందేమోనన్న భయం నిజమైన భయమే. కానీ దాచిన విషయం ఎప్పుడూ దాగి ఉండదు. రెండేళ్ల తర్వాత వీడియోగానో పోస్టుగానో బయటికొస్తే అప్పుడు గుంపు వచ్చేది "దాచారు" అనే కోపంతో, ఆ కోపంలో న్యాయం కూడా కొంత ఉంటుంది. మొదటి రోజే తామే పోలీసులకు చెప్పిన బడి మీద ఎవరూ ఆ నింద వేయలేరు. మైనారిటీ సంస్థకు తనను తాను కాపాడుకోవడానికి ఉన్న గట్టి దారి కూడా ఇదే.

సరే, మాట గేటు దాటడం తర్వాత సంగతి. అసలు పిల్ల నోటి నుంచి మాట ఎవరి దగ్గర బయటికొస్తుంది? ఈ సరిహద్దు ఊళ్ల బళ్లు మిగతా చోట్ల బళ్ల కంటే వేరుగా ఉండేది ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు ఒడియా కలగలుపు, క్లాసులో ఇంగ్లీషు. సిస్టర్లలో చాలామంది కేరళ నుంచో జార్ఖండ్ నుంచో వచ్చినవాళ్లు, వాళ్లకు ఒడియా, హిందీ వస్తాయి, తెలుగు రాదు. ఒకటో తరగతి పిల్ల ఇంగ్లీషులో "మే ఐ గో టు టాయిలెట్ మిస్" అని తప్పు లేకుండా అంటుంది గానీ ఆటోలో తనకు జరిగింది ఇంగ్లీషులో చెప్పలేదు. ఆ మాటలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. కొన్ని బళ్లలో ఆవరణలో తెలుగు మాట్లాడితే ఫైన్ అని ఇంకా ఉంది. అలాంటి రూలున్న బడిలో గోడ మీద ఎన్ని సేఫ్టీ పోస్టర్లు అంటించినా ఆ పిల్ల నోరు ఆ రూలే మూసేస్తుంది.

అలాంటి బడిలో తెలుగు మాట్లాడే మనిషి ఒకరుంటారు. ఆయమ్మ. పొద్దున గేటు దగ్గర చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లేది ఆమె, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లేది ఆమె, అన్నం డబ్బా మూత తీసిచ్చేది, గౌను తడిస్తే మార్చేది ఆమె. పిల్ల ఒంటి మీద గీరు ఉన్నా, ఒంటేలుకు వెళ్లేటప్పుడు ఏడ్చినా, ఇంటికెళ్లే టైముకి కడుపునొప్పి అని బెంచీ పట్టుకుని వదలకపోయినా ముందు చూసేది ఆమే. "ఆయమ్మా, ఆ ఆటోలో నేను ముందు కూర్చోను, మావయ్య ఒళ్లో కూర్చోమంటాడు" అని ఒక పిల్ల చెబితే ఆ మాట తెలుగులో, ఆయమ్మకే చెబుతుంది. ఆమె ఏం చేస్తుంది? చాలా చోట్ల "ఊరుకో, అలా అనకూడదు" అంటుంది, ఎందుకంటే పెద్దవాళ్ల గురించి మాట్లాడితే తన పని పోతుందని ఆమె భయం. జీతం తక్కువ, పని కాంట్రాక్టు మీద, టీచర్లకు పెట్టే ట్రైనింగ్‌కి ఆమెను పిలవరు, పిలిచినా అది ఇంగ్లీషులో జరుగుతుంది.

చట్టం ఆమెను బయట పెట్టలేదు. 2020 పోక్సో నియమాలు పిల్లలతో రోజూ పని ఉండే ప్రతి సంస్థా టీచరైనా కాకపోయినా, పర్మనెంటైనా కాంట్రాక్టైనా, ప్రతి మనిషికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలని, అది కూడా అప్పుడప్పుడు మళ్లీ చేయిస్తూ ఉండాలని, వాళ్లందరికీ పిల్లల భద్రత గురించి ట్రైనింగ్ ఇప్పించాలని చెబుతున్నాయి. ఒక బడికి ఖర్చు పెట్టే స్తోమత ఒక్కదానికే ఉంటే కెమెరాల కంటే ముందు ఆయమ్మకు తెలుగులో ఒక రోజు ట్రైనింగ్ ఇప్పించడం మేలు. ఆమెకు నేర్పాల్సింది పెద్ద శాస్త్రం కూడా కాదు. పిల్ల చెప్పేటప్పుడు అడ్డు రావద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు, "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వద్దు ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది, "చెప్పి మంచి పని చేశావమ్మా, ఇందులో నీ తప్పేం లేదు" అనాలి. వెంటనే వెళ్లి బడిలో దీనికి బాధ్యురాలైన టీచరు ముందు ఆ మాటలు పిల్ల ఎలా అన్నదో అలాగే చెప్పాలి. ఆ టీచరు వాటిని తెలుగులోనే, తేదీ, టైము వేసి రాసుకోవాలి. తెలుగు రాయడం రాకపోతే ఒడియా లిపిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకోవచ్చు, మాట మాత్రం పిల్లదే ఉండాలి. "పిల్ల అసౌకర్యంగా ఫీలయినట్టు తెలిపింది" అని మర్యాదగా మార్చి రాసిన కాగితం కేసులో దేనికీ పనికిరాదు.

పిల్లకు తన భాషలో చెప్పే హక్కు ఉండాలన్న ఆలోచన ఈ ఊళ్లకు కొత్త కాదు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు తయారు చేసి, బళ్లు పెట్టించారు. నూరేళ్లు దాటిన ఆ సంగతి ఇవాళ్టి బడికి చదువు విషయంలో ఎంత అవసరమో భద్రత విషయంలో అంతకంటే ఎక్కువ అవసరం, సవర, కుయి మాట్లాడే పిల్లలు హాస్టళ్లలో ఉండే చోట మరీను. వాళ్లకు సాయంత్రం ఇంటికెళ్లి చెప్పుకునే అమ్మ కూడా ఉండదు.

పిల్ల నోరు మూయించేది భాష ఒక్కటే కాదు, బెత్తం కూడా. "మావాడికి నాలుగు తగిలించండి మేడం, అప్పుడే వింటాడు" అని తల్లిదండ్రులే అప్పగించే అలవాటు మన దగ్గర పోలేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో ప్రమతి కేసులో అన్నది కాబట్టి తమకు ఆ రూలు లేదని అనుకునే మేనేజ్‌మెంట్లు ఉన్నాయి. అది పొరపాటు లెక్క. పిల్ల తన సంరక్షణలో ఉండగా కొట్టి హింసించినవాళ్లకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ మూడేళ్ల దాకా జైలు పెట్టింది, పోక్సోలో మైనారిటీ అనే మినహాయింపే లేదు. చట్టం సంగతి అలా ఉంచినా, హోంవర్క్ రాయలేదని పొద్దున దెబ్బ కొట్టిన మిస్ దగ్గరికే మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి తన కష్టం చెప్పుకోవాలని ఎలా అనుకుంటాం?

కథోలిక బడికి ఉన్న ఇంకో ప్రత్యేకత, బడి శనివారంతో అయిపోతుంది గానీ ఆవరణ అయిపోదు. ఆదివారం అదే కాంపౌండ్‌లో పూజ, తర్వాత సత్యోపదేశం క్లాసు, పాటల ప్రాక్టీసు, బలిపీఠం దగ్గర సాయం చేసే పిల్లల రిహార్సల్. పిల్లలు వాళ్లే, గదులు అవే, పెద్దవాళ్లలో కొందరు మాత్రం బడి ఉద్యోగులు కారు, విచారణ (పారిష్) యువకులు, వాలంటీర్లు. బడి రాసుకున్న రూల్స్ వాళ్లకు చదివి వినిపించినవాళ్లుండరు, వెరిఫికేషన్ మాటే రాదు. డిసెంబరు రాగానే కరోల్స్ అని రాత్రి పది దాకా పిల్లలను జీపుల్లో, ఆటోల్లో ఇల్లిల్లూ తిప్పుతారు, ఎవరి పిల్లను ఎవరు ఏ ఇంటి దగ్గర దింపారో రాసిన కాగితం ఉండదు. పండగ సంతోషం అందరికీ కావాలి, పిల్లల పేర్ల పట్టీ ఒకటి, ప్రతి బండిలో ఒక తల్లి, దింపగానే ఇంటికి ఒక ఫోను, ఇంతకు మించి అడగడం లేదు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) విషయంలో సభ చట్టం ముందే ఆలోచించింది: గురువుకూ చెప్పుకునేవాళ్లకూ మధ్య స్థిరమైన జాలీ ఉండే పీఠం, నలుగురికీ కనిపించే చోట ఎప్పుడూ అందుబాటులో ఉండాలని 964వ నియమంలో ఉంది. మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కి) తయారయ్యే చిన్న పిల్లలకు అదే వాడితే సరిపోతుంది, తలుపు వేసిన గది అవసరమే రాదు.

ట్రాన్స్‌ఫర్ల గురించి కూడా చెప్పుకోవాలి. బరంపురం మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) 1974లో ఏర్పడింది, అందులోంచి 2016లో రాయగడ మేత్రాసనం విడిపోయింది. గురువులు, సిస్టర్లు కొన్నేళ్లకోసారి మారుతూ ఉంటారు, అది వాళ్ల జీవన విధానం, తప్పు పట్టేది లేదు. ప్రపంచంలో చాలా చోట్ల సభకు ఇంత చెడ్డపేరు తెచ్చిన సంగతి మాత్రం ఒకటుంది, ఫిర్యాదు వచ్చిన మనిషిని చప్పుడు లేకుండా ఇంకో ఊరికి మార్చేయడం. అక్కడి పిల్లలకు ఆయన ఎవరో తెలియదు, అక్కడి హెడ్‌మిస్ట్రెస్‌కి ఎవరూ చెప్పరు. కొత్తగా ఎవరొచ్చినా, బాస్కెట్‌బాల్ కోచ్ అయినా ఫాదర్ అయినా, పాత చోటి నుంచి "ఈ మనిషి మీద పిల్లల విషయంలో ఫిర్యాదు లేదు" అని సంతకం పెట్టిన లెటరు ఉంటేనే క్లాసులోకి పంపాలి. ఆ సంతకం పెట్టినవాళ్లు తర్వాత జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది కాబట్టి ఊరికే పెట్టరు.

గేటు, ఆటో, నిప్పు లాంటి వాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అవి అందరికీ తెలిసినవే, చేయకపోవడమే జబ్బు. 2004 జులై 16న కుంభకోణంలో గడ్డి కప్పు అంటుకుని 94 మంది పిల్లలు పోయిన తర్వాత, 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడికీ నిప్పు నుంచి రక్షణ తప్పనిసరి అన్నది. 2017లో గురుగ్రామ్‌లో ఒక బడి బాత్‌రూమ్‌లో పిల్లవాడి హత్య జరిగాక బడి మేనేజ్‌మెంట్ బాధ్యత ఏమిటో చెబుతూ కేంద్రం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లను తీసుకెళ్లేవాళ్ల ఫొటో ఉన్న కార్డు, ఆటోడ్రైవరు లైసెన్సు కాపీ, బాత్‌రూమ్ దారిలో ఎప్పుడూ ఒక ఆడమనిషి, హాస్టల్లో రాత్రి వార్డెన్ ఒక్కరే కాకుండా ఇద్దరు. కెమెరా పెడితే ఎవరు చూస్తారో, ఎన్ని రోజులు దాస్తారో రాసి పెట్టాలి, బాత్‌రూమ్ లోపల ఎక్కడా ఉండకూడదు.

ఇప్పుడు ఫోను. ప్రాథమిక బడి పిల్లకు సొంత ఫోను ఉండదు కాబట్టి ఆన్‌లైన్ టెన్షన్ పెద్ద క్లాసులవాళ్లకే అనుకుంటారు. నిజానికి ఆమె చేతిలో ఉండేది అమ్మ ఫోను, అందులో అమ్మ పేరు మీద ఉన్న అకౌంట్లు, వాటిలో పెద్దవాళ్లకు వచ్చేవన్నీ వస్తాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడూ 13 ఏళ్లు నిండనివాళ్లకు కాదని వాళ్ల రూల్సే చెబుతాయి గానీ అమ్మ అకౌంట్లో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లను ఆ రూలు గుర్తుపట్టలేదు. బడి కంప్యూటర్ ల్యాబ్‌లో ఫిల్టర్ పెట్టడం, స్క్రీన్లన్నీ తలుపు వైపు తిప్పి పెట్టడం మంచి పనులే, వారానికి ఒక పీరియడ్ అక్కడ ఉండే పిల్లకు మిగతా గంటలన్నీ ఇంట్లో ఫిల్టర్ లేని ఫోనుతోనే గడుస్తాయి. కాబట్టి ఆన్‌లైన్ విషయంలో బడి చేయగలిగిన పెద్ద పని తల్లులతో కూర్చోవడం. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడే అరగంటలో పది నిమిషాలు తీసి, ఫోన్లో ఫ్యామిలీ లింక్‌తో పిల్లకు వేరే అకౌంట్ ఎలా పెట్టాలో, యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ ఎలా వేయాలో, తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా వాట్సాప్‌లో ఏ సెట్టింగ్ మార్చాలో చేతిలో ఫోను పెట్టి చూపించాలి, అది కూడా తెలుగులో, ఒడియాలో.

ఆటల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసినా మ్యాక్స్ వెర్షన్ ఆడుతూనే ఉన్నారు, నాలుగో తరగతి మగపిల్లలు కూడా. ఆటలో ప్రమాదం తుపాకీ బొమ్మల కంటే పక్కన వినిపించే గొంతుది. టీములో కలిసినవాడు అన్నా అంటూ పలకరించి, ఆటలో వాడే డైమండ్స్ కొనిపెడతానని ఆశ చూపి, నాలుగు రోజుల తర్వాత "మీ అక్క ఫొటో పంపు, నీది కూడా పంపు, అమ్మకి చెప్పకు" అంటాడు. మొదటిసారే ఎవరూ భయపెట్టరు, ముందు ఇస్తారు. పిల్లలకు నేర్పాల్సిన గుర్తు ఇదే: ఏ పెద్దవాడైనా అమ్మకు చెప్పకు అన్నాడంటే అమ్మకు చెప్పాల్సిన టైము వచ్చిందని. ఇలా ఫోను ద్వారా పిల్లను మాటిమాటికీ వెంటాడటం, ఫొటో చూపించి బెదిరించడం కూడా పోక్సో 11వ సెక్షన్ కింద నేరాలే. ఆటలో పోయిన డబ్బు గురించి అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు తిరిగి రావడం కష్టం.

బడి వైపు నుంచి జరిగే పొరపాట్లు మాత్రం చాలా మామూలుగా కనిపిస్తాయి. టీచరు పిల్లతో నేరుగా రాత్రిపూట వాట్సాప్‌లో మాట్లాడటం, అది లెక్కల డౌట్ అయినా సరే. హోంవర్క్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా చేసి, విడిగా ఏం చెప్పాలన్నా తల్లి నంబరుకే, బడి టైములోనే, బడి ఫోను నుంచే అనే ఒక్క రూలుతో ఇందులో ముప్పావు వంతు గొడవ పోతుంది. రెండోది ఫొటోలు. యాన్యువల్ డే డాన్సు, మొదటి సత్ప్రసాదం తెల్లగౌన్లు, స్పోర్ట్స్ డే, అన్నీ పిల్ల పేరు, క్లాసు, బడి పేరుతో సహా ఫేస్‌బుక్ పేజీలో. చూడ్డానికి ముచ్చటే. కానీ ఒక ఫొటో, ఒక పేరు, యూనిఫాం మీద బ్యాడ్జి ఉంటే ఆ పిల్ల ఎవరో, ఎక్కడ, ఏ టైముకి గేటు దగ్గర ఉంటుందో తెలుసుకోవడం ఎవరికైనా చిటికెలో పని, మామూలు ఫొటోని బట్టలు లేనట్టు మార్చేసే యాప్‌లు వచ్చాక ఆ ముచ్చట ఇంకా ఖరీదైంది. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకుని తీసుకోవాలంటోంది, 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతోంది. అడ్మిషన్ ఫారంలో చిన్న అక్షరాల్లో ఒక లైను రాసి సంతకం పెట్టించుకోవడం అనుమతి అనిపించుకోదు. దూరం నుంచి తీసిన గుంపు ఫొటో, పేర్లు లేకుండా, కార్యక్రమం అయిపోయిన తర్వాత పెడితే బడికి పోయేదేం లేదు.

నిజంగా ఒక పిల్ల అసభ్య ఫొటో బయటికొచ్చిందనుకోండి. అప్పుడు స్టాఫ్ గ్రూపులో "ఇది చూశారా, ఏం చేద్దాం" అని పంపడం అందరూ చేసే పని, అదే పెద్ద నేరం. ఐటీ చట్టం 67బి కింద అలాంటి బొమ్మను వెతకడం, దించుకోవడం, పంచుకోవడం అన్నింటికీ మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉంది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటివి దాచుకోవడం గురించి కూడా గట్టిగా చెప్పింది. కాబట్టి ఎవరికీ పంపొద్దు, అలాగని భయంతో చాట్ అంతా చెరిపేయొద్దు. అకౌంట్ పేరు, నంబరు, లింకు, టైము కాగితం మీద రాసుకుని ఆ ఫోనును అలాగే పోలీసులకు ఇవ్వాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు విడిగా చోటుంది, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ద్వారా, ఫొటో ఫోను దాటకుండానే దాని గుర్తు మాత్రం తీసుకుని, చేరిన సోషల్ మీడియా కంపెనీల్లో అది కనిపిస్తే తీసేయించే వీలుంది. ఆ పిల్లను మాత్రం మర్నాడు బడికి రావొద్దని, టీసీ తీసుకోమని అనే బళ్లు ఉన్నాయి. పరువు పేరుతో బాధితురాలినే గేటు బయట పెట్టే ఆ పని చూస్తే కడుపు మండుతుంది.

సరిహద్దులో ఉన్నందుకు వచ్చే చిక్కు ఇంకోటి. పాతపట్నం ఆంధ్రలో ఉంటుంది, పర్లాకిమిడి ఒడిశాలో, మధ్యలో ఉన్నది మహేంద్రతనయ నది. ఇల్లు అటు, బడి ఇటు ఉన్న పిల్లలు ఉంటారు. ఆటో దారిలో జరిగిందా, బడిలో జరిగిందా, ఫోన్లో జరిగిందా అని స్టేషన్లో అడిగి "ఇది మా పరిధి కాదు, అక్కడికెళ్లండి" అని పంపేస్తే ఆ తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకుని రెండో రోజు ఆగిపోతాడు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, ఆ తర్వాత దాన్ని సరైన స్టేషన్‌కి పంపుకోవడం పోలీసుల పని. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తీసుకోకపోతే 112కి, పిల్లల కోసం 1098కి ఫోన్ చేయొచ్చు. పోక్సో కేసులో పిల్ల స్టేషన్‌కి వెళ్లనక్కర్లేదు, ఇంటి దగ్గరో తనకు నచ్చిన చోటో, వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి.

రాసుకునే ఆ ఎస్సైకి ఒడియా వస్తుంది, పిల్లకు తెలుగే వస్తుంది. దీనికీ చట్టంలో దారి ఉంది: పిల్లకు అర్థం కాని భాషలో రాస్తుంటే దుబాసీని ఇవ్వాలని 19వ సెక్షన్ చెబుతుంది, వాంగ్మూలం దగ్గర, కోర్టులో కూడా సాయం తీసుకోవచ్చు. దుబాసీల పేర్లు, ఫోన్ నంబర్లతో ప్రతి జిల్లా బాలల సంరక్షణ యూనిట్ దగ్గర ఒక రిజిస్టర్ ఉండాలని 2020 నియమాలు చెబుతున్నాయి, ఫీజు కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఉగాదికి హాలు బుక్ చేసి కవి సమ్మేళనాలు పెట్టే తెలుగు సంఘాలు ఉన్నాయి, వాటిలో రెండు భాషలూ బాగా వచ్చిన రిటైర్డ్ టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు ఉన్నారు. వాళ్లు వెళ్లి ఆ రిజిస్టర్లో తెలుగుకు ఎవరి పేరైనా ఉందా అని అడిగి, లేకపోతే తమ పేర్లు ఇచ్చి రావచ్చు, కాన్వెంట్ హెడ్‌మిస్ట్రెస్‌కి కూడా ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసిచ్చి ఆఫీసు గోడకు అంటించమని చెప్పొచ్చు.